పన్నెండు పొట్లాల తెల్లపొడి

ఏలూరు తంగెళ్ళమూడిలో అజీజున్నీసా అని ఒకామె ఉండేది. తివాచీలు నేసేవాళ్ల కోసం ఉన్నికి రంగులు వేసే ఇంట్లో పుట్టింది. గ్యాసుదీపాలు అద్దెకిచ్చే మదార్‌ను పెళ్లాడి మా వీధికి వచ్చింది. చదువు లేదు. కానీ ఏ పొడిని చూసినా అది ఏమిటో, అందులో ఏం కలిపారో చెప్పగలిగేది.

అది వాళ్ల నాన్న నేర్పిన విద్య. బజారులో పటికలో సుద్ద కలిపి అమ్మేవాళ్లు ఆ రోజుల్లో. అలాంటి పటికలో నానిన ఉన్ని రంగు పట్టదు, మచ్చలు తేలుతుంది. అందుకని ఆ ఇంట్లో ఏ పొడి కొన్నా ముందు చిటికెడు తీసి కుండపెంకు మీద వేసి, పైన నిమ్మచెక్క పిండేవాళ్లు. సుద్ద ఉంటే సన్నగా నురగ పొంగుతుంది. లేకపోతే పొడి తడిసి ఊరుకుంటుంది. ఏడేళ్ల వయసు నుంచీ ఆ పరీక్ష అజీజున్నీసాదే. పెంకు చెవి దగ్గర పెట్టుకుని వినేదట. కంటికి కనపడనంత నురగ కూడా చెవికి వినపడుతుందని ఆమె నమ్మకం. పెళ్లయి దీపాల ఇంటికి వచ్చాక ఉన్ని పని పోయింది, రంగులు పోయాయి. నిమ్మచెక్క అలవాటు మాత్రం ఉండిపోయింది. ఉప్పు మీదా పిండేది, బియ్యప్పిండి మీదా పిండేది. వీధిలో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. పప్పులషాపు ఆయన మాత్రం ఆమె వస్తే వేరే డబ్బా తీసేవాడు.

నేను అప్పుడు ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. మదార్ ఇంటికి మా ఇల్లు నాలుగిళ్ల అవతల. ఎక్కువగా మాట్లాడే మనిషిని కాను. సాయంత్రం ఇంటికి వచ్చి పుస్తకం తీస్తే దీపం పెట్టే దాకా తల ఎత్తేవాణ్ణి కాదు. పుస్తకంలో ఉన్నవన్నీ నాకు తెలుసు అనుకునేవాణ్ణి. చేతితో చేసినవి చాలా తక్కువ. ఈ సంగతి ముందుగా చెప్పడం మంచిది.

మదార్ దగ్గర ముప్ఫయి పెట్రోమాక్సు దీపాలుండేవి. పెదపాడు నుంచి కైకలూరు దాకా ఎక్కడ పెళ్లి జరిగినా ఊరేగింపుకు ఆ దీపాలే. ఆ దీపం తలలో చిన్న తెల్ల సంచీ ఒకటి వేలాడుతుంది. దాన్ని మాంటిల్ అంటారు. కిరసనాయిలు ఆవిరిగా మారి మండుతుంటే ఆ వేడికి సంచీ వెలుగుతుంది. అసలు వెలుగు సంచీది, మంటది కాదు. నూలుతో అల్లిన ఆ సంచీకి రెండు అరుదైన లోహాల ఉప్పులు పట్టిస్తారు. మొదటిసారి వెలిగించగానే నూలు కాలిపోతుంది. ఉప్పులు బూడిదై, సంచీ ఆకారంలోనే నిలబడతాయి. వేలు తగిలితే రాలిపోయే ఆ బూడిదే వీధంతా పట్టపగలు చేస్తుంది.

ఆ మాంటిళ్లు జర్మనీ నుంచి వచ్చేవి. ముప్ఫైతొమ్మిది సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. రంజాను నెల దాటేసరికి ఏలూరు బజారులో ఒక్క మాంటిల్ లేదు. బెజవాడలోనూ లేదన్నారు. మదార్ దగ్గర మిగిలినవి ఎనిమిది, వాటిలో మూడు చిల్లులు పడ్డవి.

మార్గశిరంలో కైకలూరు అవతల ఒక లంక గ్రామంలో పెద్ద కామందు ఇంట పెళ్లి కుదిరింది. ముప్ఫయి దీపాలూ కావాలని ఆయన గుమాస్తా కనకరాజు స్వయంగా వచ్చి చెప్పాడు. కనకరాజు మాట మెత్తన. ప్రతి మాటకూ అండీ తగిలిస్తాడు. మాంటిళ్లు లేవని మదార్ చెప్పబోతే వినిపించుకోనట్టే నవ్వాడు.

“యుద్ధం జర్మనీలో కదండీ, మన లంకలో కాదు కదా. మీకేం బెంగ వద్దండీ మదార్ గారూ. దీపాలు వెలక్కపోతే ఇంటికి మోసుకుపోయే శ్రమ కూడా ఉండదు. అక్కడే కొల్లేట్లో దించేద్దాం. పడవ తేలిగ్గా వస్తుంది.”

అది వేళాకోళం కాదని మదార్‌కు తెలుసు. కిందటేడు అదే ఇంట్లో ఊరేగింపు మధ్యలో ఒక దీపం ఆరిపోతే, దాన్ని మోస్తున్న చిన్నరాజును పెళ్లి అయ్యేదాకా రేవులో పీకల్లోతు నీళ్లలో నిలబెట్టారు. ఆరిన దీపం నెత్తిన పెట్టి మరీ నిలబెట్టారు. చిన్నరాజు కొల్లేట్లో చేపలు పట్టుకునేవాడు, పెళ్లిళ్ల రోజుల్లో దీపాలు మోసేవాడు. ఆ కథ తనే నవ్వుతూ చెప్పేవాడు. కాళ్లను చేపపిల్లలు కొరికాయనీ, ఇన్నాళ్లూ తను తిన్నదానికి అవి వసూలు చేసుకున్నాయనీ అనేవాడు. నవ్వేటప్పుడు కూడా దగ్గేవాడు. ఆ దగ్గు ఆ నీళ్లలోదే.

మదార్ తమ్ముడు బాజీ మద్రాసులో మాంటిళ్లు చేసే చిన్న కార్ఖానాలో పనిచేస్తూ, అది మూతపడితే ఇంటికి వచ్చాడు. వస్తూ మాంటిల్‌కు పట్టించే రెండు ఉప్పుల్లో ఒకటైన థోరియం ఉప్పు రెండు సీసాలు తెచ్చాడు. నూలు సంచీ అల్లడం, నానబెట్టడం, ఆరబెట్టడం అతనికి వచ్చు. వదినా తనూ కూర్చుని వారంలో అరవై సంచీలు అల్లారు. ఒకటి ముంచి ఆరబెట్టి వెలిగించారు. వెలిగింది, కానీ నీలంగా, నీరసంగా, మబ్బు పట్టిన వెన్నెలలాగా. దానికింద నిలబడితే మనిషి ముఖం శవం ముఖంలాగా ఉంది. కార్ఖానాలో ఇంకో సీసా ఉండేదనీ, అందులోంచి యజమాని తన చేతితోనే ఏదో కొంచెం కలిపేవాడనీ బాజీ చెప్పాడు. అది ఏమిటో అతనికి తెలియదు.

నాకు తెలుసు. మదార్ వచ్చి అడగగానే పుస్తకం తీసి చూపించాను. థోరియం తొంభైతొమ్మిది పాళ్లకు సీరియం ఒక్క పాలు. ఆ ఒక్క పాలు లేకపోతే వెలుగు చచ్చిపోతుంది. రెండు మూడు పాళ్లయితే పసుపు తిరిగి మళ్లీ చచ్చిపోతుంది. నూటికి ఒకటి ఉంటేనే తెల్లగా వెలుగుతుంది. ఇదంతా నేను చాలా సంతోషంగా చెప్పాను. అరవై మాంటిళ్లకు కావలసిన సీరియం రెండు వేళ్ల మధ్య చిటికెలో సరిపోతుందని కూడా చెప్పాను.

“ఆ చిటికెడు ఎక్కడ దొరుకుతుందండీ మాస్టారూ?” అన్నాడు మదార్.

దానికీ పుస్తకమే సమాధానం చెప్పింది. సీరియం ఆక్సలేట్ అనే పొడి మందులషాపుల్లో ఉంటుందట. గర్భిణీల వాంతులు ఆపడానికి ఇస్తారట. నీళ్లలో కరగదు, రుచి లేదు, వాసన లేదు, తెల్లన. మా వీధి చివర డిస్పెన్సరీలో కాంపౌండరు ప్రభుదాసును అడిగాను. ఆయన బీరువాలోంచి ఖాళీ సీసా తీసి చూపించాడు. యుద్ధం మొదలయ్యాక కొత్త సరుకు రాలేదు. అడుగున ఉన్నదంతా గీకి, అయిదేసి గ్రెయిన్ల తూకంలో పదిహేను పొట్లాలు కట్టి నాలుగు రోజుల కిందటే ఇచ్చేశాడట.

ఎవరికని అడిగాను.

“మన దీపాల మదార్ భార్యకేనండీ. పాపం, మంచినీళ్లు కూడా నిలవట్లేదు ఆ పిల్లకి.”

అజీజున్నీసాకు అప్పుడు నాలుగో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు వచ్చి, తిన్నది నిలవక, నాలుగో నెల్లోనే పోయాయి. ఇది మూడోది. ఇదీ పోతే ఇంక ఉండదని మంత్రసాని చెప్పిందట. పొట్లాలు మొదలుపెట్టిన మూడో రోజున గంజి అన్నం తిని, అది కడుపులో నిలిచిందని వీధిలో ఆడవాళ్లందరికీ చెప్పుకుంది. మాంటిల్ సంచీలు అల్లుతున్నప్పుడు కూడా మిగిలిన పన్నెండు పొట్లాల డబ్బా పక్కనే పెట్టుకునేదట.

నేను మదార్‌కు ఈ మాట చెప్పాను. మదార్ చెడ్డవాడు కాడు. భార్యను ఒక్క మాట అన్నవాడు కాడు. పీకల్లోతు నీళ్లు అతని కళ్లల్లో కనపడుతూనే ఉన్నాయి. ఆఖరికి, అడిగితే ఆమె ఇస్తుందేమో, కానీ అడగడానికి తనకు నోరు రాదన్నాడు.

“అడగడమెందుకు? తెల్లపొడే కదా. రుచి లేదు, వాసన లేదు. సుద్ద కూడా అంతే,” అన్నాను.

ఈ మాట అన్నది నేనే. మదార్ అనలేదు.

ఆ పొడిలో సీరియం సగం కూడా ఉండదు, పనిలో కొంత పోతుంది కనక ఆరు పొట్లాలు కావాలన్నాను. అతను తెచ్చాడు. నేను బళ్లోంచి సుద్దముక్కలు తెచ్చి, మెత్తగా నూరి, పలచటి గుడ్డలో జల్లించి, ప్రభుదాసు కాగితాల్లోనే కట్టి, మడతలన్నీ ముందున్నట్టే పెట్టి ఇచ్చాను. మంచి పని చేస్తున్నవాడిలాగా జాగ్రత్తగా చేశాను.

నూలుకు పట్టాలంటే పొడి కరగాలి. అందుకు ఒక పుస్తకంలో దాన్ని ముందు గరిటెలో వేసి ఎర్రగా కాల్చాలని ఉంది. కాల్చాను. తెల్లపొడి ఇటుకరంగు తిరిగింది. దాన్ని ఆమ్లంలో కరిగించబోతే కరగలేదు. రెండు రోజులు మరగబెట్టినా అడుగున అలాగే ఉంది. ఎక్కువ కాల్చితే అది మొండికేస్తుందని ఇంకో పుస్తకంలో, ఇంకో పేజీలో ఉంది. అది తరవాత చదివాను. ఆరు పొట్లాలూ అలా పోయాయి.

ఈలోగా అజీజున్నీసాకు వాంతులు మళ్లీ మొదలయ్యాయి. మదార్ వచ్చి చెప్పాడు. నిన్నటి నుంచీ పసరు కూడా పడుతోందన్నాడు. నేను గరిటె గీకుతూ విన్నాను. ఈసారి వేరే పద్ధతి ఉందనీ, ఇది తప్పదనీ చెప్పాను.

“ఇంక ఆరే ఉన్నాయండీ.”

“ఆరు చాలు,” అన్నాను.

అతను వెళ్లి తెచ్చాడు. మళ్లీ సుద్ద నూరి పొట్లాలు కట్టాను.

రెండోసారి బాగా కుదిరింది. కంసాలి దగ్గర బంగారం గీటు పరీక్షకు వాడే నత్రికామ్లం తెచ్చి, పింగాణీ గిన్నెలో పొడి మీద పోసి ఇసకపాత్రలో కాచాను. ముదురు గోధుమరంగు పొగ లేచింది. కిటికీ తెరిచి గుమ్మంలో నిలబడ్డాను. పొగ తగ్గేసరికి గిన్నెలో పొడి లేదు. నీళ్లలాంటి ద్రవం ఉంది. దాన్ని ఇంకా కాస్తే పాకంలా వచ్చి, చల్లారాక లేత గులాబీ ఛాయ ఉన్న పలుకులు కట్టింది. పొద్దున చూస్తే పలుకులు లేవు, మళ్లీ నీరైంది. భయపడ్డాను. అది ఆ ఉప్పు స్వభావమేనట. గాలిలో తడి తాగి తనే కరిగిపోతుంది. కొల్లేటి గాలిలో ఇంక చెప్పాలా. మళ్లీ కాచి, చిన్న సీసాలోకి తీసి బిరడా బిగించాను. ఆ సీసాను ఆ రోజంతా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. క్లాసులో పాఠం చెబుతూ రెండుసార్లు తడిమి చూసుకున్నాను.

మర్నాడు శనివారం. సంచీలు ముంచే పని అజీజున్నీసాదే. నూలుకు ద్రావణం సమంగా పట్టించడం రంగుల ఇంట్లో పుట్టిన చేతికి తెలిసినట్టు బాజీకి కూడా తెలియదు. ఒక చోట ఎక్కువ పడితే బూడిద మందమై పగులుతుంది. నేను వెళ్లేసరికి మదార్ దీపాలు మోసేవాళ్లను మాట్లాడటానికి వెళ్లాడు. బాజీ నూతి దగ్గర నీళ్లు తోడుతున్నాడు. ఆమె పెరట్లో పీట మీద గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు లోపలికి పోయి, పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. పక్కన వాంతికి చట్టి. నన్ను చూసి కొంగు సర్దుకుని, కూర్చోమని పీట చూపించింది.

థోరియం నీళ్ల గిన్నె ముందు పెట్టి, సీరియం ఎంత కలపాలో చెప్పాను. ఆమె సీసా బిరడా తీసి, చిటికెన వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. తొట్టెలో ఏమున్నా నాలిక మీద పెట్టుకోవడం రంగులవాళ్ల అలవాటు.

“తియ్యగా ఉందండీ. వెనకాల వగరు,” అంది.

అవును, పుస్తకంలో కూడా అలాగే రాశారని చెప్పాను.

“పొడిగా ఉన్నప్పుడు ఈ రుచి లేదండీ. మూడు రోజులు వేసుకున్నాను కదా.”

 ఆమె బొడ్లోంచి పొట్లం ఒకటి తీసింది. నేను కట్టిన పొట్లం. కుండపెంకు మీద చిటికెడు వేసి, పీట కింద ఉన్న నిమ్మచెక్క అందుకుని పిండింది. పొడి నురగ పొంగింది. ఆమె పెంకును తన చెవి దగ్గర పెట్టుకోలేదు. నా వైపు జరిపింది.

“వినండి.”

విన్నాను. చాలా చిన్న చప్పుడు.

“నోరు చేదుగా ఉందని మొన్న నిమ్మనీళ్లలో కలుపుకున్నానండీ. అప్పుడు తెలిసింది. నా మందు కోసం మీరు వచ్చి అడిగారని ప్రభుదాసు గారు అన్నారు. బళ్లో సుద్దేనా అండీ? బాగా మెత్తగా నూరారు.”

నేరం మదార్ మీదికి పోనివ్వాలని నాకు ఒక్క క్షణం అనిపించింది. ఆ మాట నోట్లోకి వచ్చింది కూడా. ఆమే ముందు అంది.

“ఆయనకి లుంగీ మడత పెట్టుకోవడమే సరిగా రాదండీ. ఈ పొట్లాలు చదువుకున్నవాళ్ల చేతి మడతలు.”

తరవాత ఆమె సీరియం నీళ్లు చుక్కలు లెక్కపెట్టి గిన్నెలో వేసి, కర్రతో కలిపి, మొదటి సంచీ ముంచింది. రెండు వేళ్లతో పిండి, సన్నటి గుండ్రకర్రకు తొడిగి, మడతలు లేకుండా సవరించి ఆరవేసింది. రెండోది ముంచింది. మధ్యలో చట్టి మీదికి వంగి వాంతి చేసుకుంది. ఏమీ పడలేదు. నోరు తుడుచుకుని మూడోది తీసుకుంది. ఇంక ఉండబట్టక, ఎందుకు చేస్తున్నావమ్మా అని అడిగాను.

“మందు ఎలాగూ ఇందులో పోసేశారు కదండీ. ఇప్పుడు ఇది కూడా చెడగొడితే రెండూ పోతాయి.”

అరవై సంచీలూ ముంచింది. ఒక్కటి కూడా వంకరపోలేదు.

బెజవాడ రైలెక్కితే రెండు గంటలు. అక్కడి పెద్ద మందులషాపుల్లో ఆ పొడి ఎవరి బీరువాలోనైనా ఉండవచ్చునని ఆ సాయంత్రం నాకు తోచింది. మర్నాడు ఆదివారం, నాకు బడి లేదు. కానీ ఆదివారం మాంటిల్ వెలిగించి చూడాలి. నేను వెళ్లలేదు.

ఆదివారం పొద్దున మదార్ ఇంట్లో కిటికీలకు గోనెలు కట్టి ఒక దీపం వెలిగించాం. నూలు భగ్గున కాలి, సంచీ నల్లబడి, ముడుచుకుని, మళ్లీ ఉబ్బి తెల్లబడింది. బాజీ గాలి కొట్టాడు. ఆ వెలుగును నేను మాటల్లో చెప్పలేను. గోడ మీద సున్నం పెచ్చులు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. మదార్ నా చేతులు రెండూ పట్టుకున్నాడు. పక్కగదిలోంచి ఆమె వాంతి చేసుకుంటున్న చప్పుడు వినపడుతోంది. పుస్తకం అబద్ధం చెప్పలేదు అనుకున్నాను నేను.

పెళ్లి మంగళవారం. దీపాలు బండ్ల మీద కొల్లేటి ఒడ్డు దాకా వెళ్లి, అక్కడి నుంచి పడవలెక్కాయి. బడికి సెలవు పెట్టి నేనూ వెళ్లాను. ఎవరూ పిలవలేదు. సందెవేళ రేవులో ముప్ఫయి దీపాలూ ఒకదాని తరవాత ఒకటి వెలిగాయి. తుంగలో పడుకున్న పక్షులు తెల్లవారిందనుకుని లేచి అరిచాయి. మగపెళ్లివారు పడవల్లోంచి చేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని దిగారు. కనకరాజు దీపాల వరస వెంట నడిచి, ఒక్కొక్కటే చూసి, వంక పెట్టడానికి ఏమీ దొరక్క మదార్ ముందు ఆగాడు.

“మరీ ఇంత వెలుగు దేనికండీ మదార్ గారూ? పెళ్లికూతురి ముఖాన స్ఫోటకం మచ్చలున్నాయి. అవి కూడా లెక్కపెడుతున్నారు జనం.”

చిన్నరాజు నెత్తిన చుట్టకుదురు సర్దుకుంటూ, ఈసారి తనను నీళ్లలో దించినా చేపలే కళ్లు మూసుకుని పారిపోతాయని గొణిగాడు. పక్కవాళ్లు నవ్వారు. కామందు స్వయంగా పిలిచి, ఇకమీద తన ఇంట ఏ శుభకార్యం జరిగినా ఈ దీపాలే రావాలన్నాడు. మదార్ వంగి సలాము చేశాడు. ఆ వెలుగులో అతని ముఖం చూశాను. చాలా ఏళ్లలో మొదటిసారి భయం లేకుండా ఉంది.

మర్నాడు పదిగంటల వేళ ఏలూరు చేరాం. పెళ్లివారిచ్చిన లడ్డూల బుట్ట మదార్ చంకలో ఉంది. గుమ్మంలో అతని అక్క రహీమున్నీసా చతికిలబడి కూర్చుంది. మమ్మల్ని చూసి లేవలేదు.

“సందెవేళ కడుపు పోయింది. దీపాలు పెట్టే వేళకి. ప్రభుదాసు గారికి కబురు పంపుదామంటే వీధిలో మగాడు ఒక్కడు లేడు. అందరూ నీ దీపాలు మొయ్యడానికి వెళ్లారుగా.”

ఏ బిడ్డ అని మదార్ అడిగాడు. మగపిల్లాడని ఆమె చెప్పింది. అతను బుట్ట అరుగు మీద పెట్టి అక్కడే కూర్చున్నాడు.

నేను గుమ్మం దాకా వెళ్లాను. అజీజున్నీసా చాప మీద పడుకుని ఉంది. నన్ను చూసి కళ్లు తెరిచింది.

“వెలిగాయా అండీ?”

వెలిగాయన్నాను.

“ఒక్కటి కూడా పసుపు తిరగలేదా?”

లేదన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. బయటికి వచ్చేసరికి లడ్డూల బుట్టకు చీమలు పట్టాయి. వాటిని ఎవరూ దులపలేదు.

యుద్ధం సాగినన్నాళ్లూ ఆ ఇంట్లో మాంటిళ్లు తయారయ్యాయి. తరవాత బాజీ మద్రాసు వెళ్లి రెండో ఉప్పు, సీరియం కూడా సీసాలతో తెచ్చాడు. ఆ చిటికెడు మార్చి నెలకల్లా దొరికింది. గణపవరం, గూడెం, గుడివాడ దాకా ఆ మాంటిళ్లే వెళ్లాయి. వేలకు వేలు ముంచింది ఆమె. వేళ్ల చివర చర్మం బిరుసెక్కి, గోళ్లు పసుపుపచ్చగా తయారయ్యాయి. మళ్లీ ఆమెకు కడుపు రాలేదు. మదార్ వేరే పెళ్లి మాట ఎత్తలేదు. పొట్లాలు తీసింది అతనేనని ఆమెకు తెలుసో లేదో, ఆ ఇంట్లో ఏ మాటలు జరిగాయో నాకు తెలియదు. వీధిలో ఎదురైతే ఆమె కొంగు సర్దుకుని, బాగున్నారా మాస్టారు గారూ అనేది. ఒక్కరోజు కూడా అనడం మానలేదు. మానితే బాగుండునని నేను వేరే వీధిలోంచి బడికి వెళ్లడం మొదలుపెట్టాను.

యుద్ధం అయ్యాక నాకు తాడేపల్లిగూడెం బదిలీ అయింది. అక్కడ ఒక మందుల పుస్తకం కొత్త ముద్రణ నా చేతికి వచ్చింది. ఆ తెల్లపొడి వల్ల వాంతులు ఆగుతాయనడానికి ఆధారం లేదనీ, అందుకే వైద్యులు దాన్ని వదిలేశారనీ అందులో ఉంది. ఆ పేజీని చాలాసార్లు చదివాను. సుద్దయినా, ఆ పొడయినా ఒకటేనన్నమాట. అప్పటికి తేలికపడ్డాననుకున్నాను. కానీ ఆమె మూడో రోజున గంజి అన్నం తిన్నది. అది నిలిచిందని వీధంతా చెప్పుకుంది. ఆ మాట పుస్తకంలో లేదు. పైగా నేను సుద్ద నూరిన రోజున ఈ పేజీ ఇంకా ఎవరూ రాయలేదు. ఆమెకు మేలు చేస్తున్నది అదేనని నాకు తెలిసే తీసుకున్నాను.

అరవైరెండులో పనిమీద ఏలూరు వెళ్లాను. మదార్ పోయి అప్పటికి ఆరేళ్లు. ఇంటింటికీ కరెంటు వచ్చింది. తంగెళ్ళమూడి ఇంట్లో అజీజున్నీసా, బాజీ కూతురు షరీఫా ఉంటున్నారు. అజీజున్నీసాకు కడుపులో పుండని, తిన్నప్పుడల్లా మంటతో మెలికలు తిరుగుతోందని, డాక్టరు రాసిన పొడి ఏలూరులో దొరకలేదని ప్రభుదాసు కొడుకు అంతకు ముందే గూడెం వచ్చినప్పుడు చెప్పాడు. నేను గూడెంలో ఆ పొడి కొన్నాను. సీలు వేసిన డబ్బా దొరకలేదు. షాపువాడు పొట్లాలు కట్టి ఇచ్చాడు. పన్నెండు కట్టాడు. ఎన్ని కట్టమని నేను చెప్పలేదు.

ఆమె మనిషి సగమైంది. కానీ నన్ను గుర్తుపట్టింది. కొంగు సర్దుకుంది. పొట్లాలు అందుకుని, ఇంత దూరం తెచ్చారా అంది. షరీఫాను పిలిచి నిమ్మకాయ కొయ్యమంది.

నాకు అర్థమైంది. ఇది పొంగే మందమ్మా, కడుపులో పులుపు విరగడానికి ఇందులో సోడా వేస్తారు, పొంగాల్సిన మందే ఇది అని గబగబా చెప్పాను. డాక్టరు చీటీ చూపించాను. ఆమె విన్నది. విని, పొట్లం విప్పి, చిన్న సాసరులో చిటికెడు వేసి నిమ్మచెక్క పిండింది. నురగ బుసబుస పొంగి సాసరు అంచు దాటింది. ఈసారి చెవి పెట్టి వినక్కర్లేదు.

“అప్పుడు పొంగకూడని మందు పొంగిందండీ. ఇప్పుడు పొంగాల్సిన మందంటున్నారు. రెండుసార్లూ పొట్లాలు మీవేనండీ,” అంది. కోపం లేదు ఆ గొంతులో.

షాపులో అడగమన్నాను. డాక్టరునే అడగమన్నాను. షరీఫా నా వైపూ పెద్దమ్మ వైపూ చూసింది. అజీజున్నీసా విప్పిన పొట్లాన్ని మళ్లీ మడిచింది. ఎంత చక్కగా మడిచిందంటే విప్పినట్టే లేదు. పన్నెండూ ఒక కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. అప్పుడే మంట వచ్చింది కాబోలు, పొట్ట పట్టుకుని ముందుకు వంగి, కాసేపు అలాగే ఉండి, మెల్లగా తల ఎత్తింది.

“మాస్టారు గారికి టీ పెట్టమ్మా. పంచదార ఎక్కువ వెయ్యి. ఎండన పడి వచ్చారు,” అంది షరీఫాతో.

టీ వచ్చింది. నేను తాగాను. ఆమె నేను తాగుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూసింది.

ఆ వేసవి దాటకుండానే పోయిందని తెలిసింది.